పెళ్లికూతుళ్లను దిద్దిన మా చెల్లెమ్మ

మా వీధిలో పార్లర్ నడిపే చెల్లెమ్మ పోయిందని నాకు చెప్పింది ఆవిడ భర్తే. పొద్దున్నే వరండాలో కూర్చుని మా అమ్మాయి ఫోనుకి పంపిన ఫొటో చూసుకుంటున్నాను. దాని పెళ్లయిన దగ్గర్నుంచి నాకు రోజూ కాఫీతో పాటు ఆ పని కూడా అలవాటైంది. గేటు చప్పుడైతే తలెత్తాను. ఆయన రైల్వేలో చేసి రిటైరైన మనిషి, ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటడు. ఆ వేళ బనీను మీద, కాళ్లకి చెప్పుల్లేకుండా నిలబడ్డాడు. లోపలికి రండంటే రాలేదు. "బావగారూ, కాఫీ పెట్టి లేపానండీ. లేవలేదు," అన్నాడు. నేను చెల్లెమ్మా అని పిలిచే మనిషికి భర్త కాబట్టి, ఎన్నో ఏళ్లుగా నేను ఆయనకి బావగారిని. ఆయన భుజం మీద చెయ్యి వేసి వాళ్లింటి దాకా నడిపించుకెళ్లాను.

నేను పటమటలో ఉంటాను. ఆటోనగర్‌లో లారీలకి రంగులు వేసి బతికినవాణ్ణి. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. పత్రికకి రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మన్నించాలి. ఈ వేసవిలోనే మా అమ్మాయి పెళ్లి చేశాను. ఆ సంతోషం ఇంకా నాలో చల్లారలేదు. కూరగాయల బండివాణ్ణి ఆపి కూడా మా అల్లుడు ఎంత మంచివాడో చెప్పే దశలో ఉన్నాను. మా ఆవిడ విసుక్కుంటోంది కూడా. "ఆ బండివాడు ఇప్పుడు మన వీధి మానేసి పక్క వీధిలోంచి పోతున్నాడు," అంటోంది. అంత సంతోషం మీద ఈ కబురు వచ్చి పడింది. ఒక కంటితో నవ్వుతూ ఒక కంటితో ఏడవమంటే ఎలా ఉంటుందో, ఆ రోజు నుంచీ నాకు అలాగే ఉంది. ఎందుకంటే ఆ సంతోషంలో ఆవిడ చెయ్యి ఉంది.

వాళ్లు క్రైస్తవులు. సమాధుల తోట దగ్గర ఆడవాళ్లు ఎంతమంది వచ్చారో చెప్పలేను. చాలామంది ఆవిడ చేతి మీదుగా పెళ్లికూతుళ్లు అయినవాళ్లే. కొందరు చంకలో పిల్లలతో వచ్చారు. ఒకావిడకి తల నెరిసింది, "నా పెళ్లికీ ఈవిడే, మా అమ్మాయి పెళ్లికీ ఈవిడే," అని మా ఆవిడతో చెబుతోంది. అంతకుముందు ఇంట్లో శవపేటిక మూసేటప్పుడు ఎవరో పాపం ప్రేమ కొద్దీ ముఖానికి కాస్త పౌడరు అద్దబోతే ఆవిడ భర్త చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దమ్మా. ఎప్పుడూ రాసుకోలేదు," అన్నాడు. నిజమే. ఊరందరి ముఖాలూ తీర్చిన మనిషి తన ముఖానికి సబ్బూ నీళ్లూ తప్ప ఎరగదు. అదేంటమ్మా అని ఒకసారి అడిగితే, "మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా అన్నయ్య గారూ," అంది.

ఆవిడ మా వీధికి వచ్చిన కొత్తలో బోర్డు రాయించుకోవడానికి నా దగ్గరకి వచ్చింది. నేను లారీలకే గాని బోర్డులకి రాయనమ్మా అన్నాను. అయినా వినలేదు, రంగు ఎండకీ వానకీ నిలవాలంటే లారీ రంగే కావాలంది. సరేనని రాశాను. చెయ్యి అలవాటు కొద్దీ అక్షరాల చుట్టూ తామర పూలు, ఆ మూలా ఈ మూలా రెండు నెమళ్లు వేసేశాను. ఆవిడ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగుందండీ. కింద 'హారన్ కొట్టండి' అని కూడా రాస్తారా?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది గాని నవ్వు ఆగలేదు. నెమళ్లు చెరిపేస్తానన్నాను. ఒప్పుకోలేదు. అవి ఇప్పటికీ ఆ బోర్డు మీదే ఉన్నాయి.

ఆ రోజు నుంచి మాకు మాటలు కలిశాయి. ఆవిడా రంగుల మనిషే, నేనూ రంగుల మనిషినే. సాయంత్రం పార్లర్ ఖాళీగా ఉంటే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. షెడ్డు నుంచి వస్తూ నేను ఆగేవాణ్ణి. మా పనిలో ముందు పాత రంగు గీకాలి, గుంటలు పూడేలా లప్పం పెట్టాలి, ఉప్పు కాగితంతో రుద్దాలి, ప్రైమర్ కొట్టాలి, ఆ తర్వాతే రంగు. ఆవిడ పనిలోనూ అంతేనట. నేను మా దాంట్లో ఓ సంగతి చెబితే ఆవిడ తన దాంట్లో ఓ సంగతి చెప్పేది. ఒకసారి నేను కాస్త గొప్పగానే అన్నాను, అయితే మన పని ఒకటేనన్న మాట చెల్లెమ్మా అని.

"ఒకటెలా అవుతుందండీ? మీ లారీ ఏడవదు, నవ్వదు. నాది రెండూ చేస్తుంది, ఒక్కోసారి ఒకేసారి చేస్తుంది," అంది.

ఇది చదివేవాళ్లలో ఆడపిల్లల తల్లిదండ్రులు ఉంటే, ఆవిడ చెప్పే సంగతులు కొన్ని మీ చెవిన వేస్తాను. ఆవిడ వీటిని ఎవరికీ దాచలేదు, పక్క పార్లర్ వాళ్లకీ చెప్పేది. పెళ్లి వారంలో కొత్త క్రీములూ కొత్త ఫేషియళ్లూ ముట్టుకోవద్దనేది. ఏదైనా ప్రయోగం చెయ్యాలంటే నెల ముందే చేసుకోవాలి, ముఖం ఎర్రబడినా కోలుకోవడానికి వ్యవధి ఉంటుంది. మేకప్ ఎలా ఉంటుందో ఒకసారి ముందే వేసి చూసుకోవాలి. అది కూడా ముహూర్తం ఏ వేళకి ఉందో ఆ వేళకే, పెళ్లి చీర భుజాన వేసుకుని, వెలుతురులో నిలబడి చూసుకోవాలి. ట్యూబులైటు కింద నచ్చిన రంగు ఎండలో నచ్చదు. ఈ మాట నేనూ మా కుర్రాళ్లకి చెబుతూనే ఉంటాను.

పెళ్లికూతుర్ని చేసేటప్పుడు ముత్తయిదువులు ముచ్చట కొద్దీ పసుపు దట్టంగా ముఖానికి పట్టిస్తారు. అది ఒక పట్టాన వదలదు. మర్నాడు దాని మీద ఏ రంగు వేసినా పచ్చగా కామెర్లు వచ్చినట్టు కనిపిస్తుంది. "కాళ్లకీ చేతులకీ మీ ఇష్టం వచ్చినంత రాసుకోండి పిన్నిగారూ, బుగ్గలకి మాత్రం బొట్టంత చాలు," అని బతిమాలేది. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, చెవులు ఒక రంగు ఉండకూడదు. మేకప్‌కి కూర్చోబెట్టేటప్పుడే ముందువైపు గుండీలున్న చొక్కా తొడిగించాలి, తర్వాత తల మీంచి లాగితే పడ్డ కష్టమంతా పోతుంది. చెమట పడితే తుడవకూడదు, అద్దాలి. హోమం పొగకి కళ్లు నీళ్లు కారక తప్పదు కాబట్టి కింది రెప్పకి కాటుక సన్నగా ఉండాలి. అన్నిటికన్నా ముందు పిల్ల కడుపులో ఏదైనా పడాలి. ఉపవాసం ఉండాలని పెద్దవాళ్లు పట్టుబడితే, పాలైనా పళ్లైనా పెట్టించకుండా బ్రష్షు తీసేది కాదు. "ఆకలి ముఖానికి నా దగ్గర రంగు లేదండీ," అనేది.

ఇవన్నీ ఆవిడ పనిలో ఒక ఎత్తు. పెళ్లిలో ఆవిడ నిలబడే చోటు ఒక ఎత్తు. కొందరు మేకప్ వేసేసి సామాను సర్దుకుని వెళ్లిపోతారు. ఈవిడ తలంబ్రాలు అయిపోయేదాకా మండపం మెట్టు పక్కనే ఉండేది, పీటల మీద కూర్చున్న పిల్లకి కనిపించేలాగా. "నీకేం కావాలన్నా నా వంక చూడమ్మా," అని ముందే చెప్పి ఉంచేది. దాహమైతే స్ట్రా వేసిన గ్లాసు తెచ్చేది. పిన్ను గుచ్చుకుంటే తీసేది. చెమట పడితే స్పాంజి పట్టుకుని, వీడియోవాళ్ల కాళ్ల మధ్య నుంచి దూరి, అద్దేసి కిందికి దిగేది. పురోహితుల వారికి కూడా ఆవిడంటే కాస్త జంకు.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి చెప్పాలి.

మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా ఎడమ కంటి పక్కన చిన్న తెల్ల మచ్చ వచ్చింది. పెరిగి పెరిగి నుదుటి మూల నుంచి బుగ్గ మీద దాకా దిగింది. బొల్లి అన్నారు. గుంటూరు తీసుకెళ్లాం, మద్రాసు తీసుకెళ్లాం. నొప్పి లేదు, ఎవరికీ అంటుకునేది కాదు, ఒంటికి ఏ హానీ లేదని డాక్టర్లందరూ చెప్పారు. పోతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. పిల్ల ఏమీ అనేది కాదు. చక్కగా చదువుకుంది, వన్‌టౌన్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం తెచ్చుకుంది, జోకులు వేసేది, నాతో పోట్లాడేది. కానీ ఇంట్లో ఏ ఫంక్షన్ ఫొటోలు చూసినా అందులో తను ఉండదు. ఫొటోలు తీస్తాను ఇలా ఇవ్వండి అని ఫోను తనే లాక్కునేది. ఎవరైనా పట్టుకుని నిలబెడితే ముఖం ఎడమ పక్కకి తిప్పి, కుడి బుగ్గ మాత్రం చూపించేది. తండ్రిని కదా, నాకు ఆ తిప్పడం కనబడేది.

సంబంధాలు వచ్చాయి, చూశారు, వెళ్లారు. కబురు చేస్తామన్నవాళ్లు చెయ్యలేదు. అలా ఏళ్లు గడిచాయి. పెళ్లి మాట ఎత్తొద్దని తనే అనేసింది.

అలాంటప్పుడు ఈ సంబంధం వచ్చింది. అబ్బాయి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో పని చేస్తాడు. కాస్త వయసు వచ్చినవాడే, మాట తక్కువ. పెళ్లిచూపుల్లో నేను గొంతు సవరించుకుని, బాబూ, మా అమ్మాయి ముఖం మీద మచ్చ ఉంది, దాని గురించి చెప్పాలి అని మొదలుపెట్టాను. "చూశానండీ," అన్నాడు. ఆ పైన ఏం అంటాడోనని ఎదురుచూశాను. మైసూరుపాకు ఇంకో ముక్క తీసుకున్నాడు. ఆ రోజు నేను అల్లుడి మీద మనసు పారేసుకున్నానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

ముహూర్తం పెట్టుకోవడానికి వచ్చిన రోజు అబ్బాయి తల్లి మా ఆవిణ్ణి పక్కకి పిలిచింది. ఆవిడా మంచి మనిషే. "వదినగారూ, ఏమనుకోకండి. మేకప్ మాత్రం మంచివాళ్లతో వేయించండి. మావాడికేం పట్టింపు లేదు, నాకూ లేదు. కానీ మా వైపు చుట్టాలు బస్సుకి బస్సు దిగుతారు, పెళ్లి పీటల మీద పిల్లని చూసి ఏదో ఒకటి గొణుగుతారు. ఆ ఒక్క రోజూ కనపడకుండా ఉంటే నా ప్రాణం హాయిగా ఉంటుంది," అంది. పక్క గదిలో ఉన్న మా అమ్మాయి వినేసింది. ఆ రాత్రి అన్నం దగ్గర జోకులు లేవు.

మా ఆవిడ పిల్లని పార్లర్‌కి తీసుకెళ్తుంటే నేనూ వెంటపడి వెళ్లాను. మగవాళ్లని లోపలికి రానివ్వరు. గుమ్మంలో కుర్చీ మీద కూర్చున్నాను. చెల్లెమ్మ పొద్దున వెలుతురులో మేకప్ మొత్తం వేసి, మచ్చ ఉన్న జాడ లేకుండా చేసి, పిల్లని గుమ్మంలోకి తెచ్చి చేతికి అద్దం ఇచ్చింది. నేను రంగు పనివాణ్ణి, దగ్గరికి వంగి చూశాను. అతుకు ఎక్కడుందో నాకే దొరకలేదు.

పిల్ల అద్దంలో చాలాసేపు చూసుకుంది.

"ఎవరిలా ఉన్నావే?" అంది చెల్లెమ్మ.

"మా అక్కలా ఉన్నాను ఆంటీ. నాకు అక్క లేదు."

చెల్లెమ్మ నవ్వలేదు. స్టూలు లాక్కుని పిల్ల ఎదురుగా కూర్చుంది.

"చూడమ్మా. కప్పుకోవడం తప్పు కాదు. చీర కట్టుకోవడం లేదా, ఇదీ అంతే. కప్పుకోకపోవడం గొప్పా కాదు. ఎవరో ఏదో అంటారని కప్పుకున్నా, ఎవరికో ఏదో చూపించాలని వదిలేసినా పీటల మీద నీకే బరువు. నీకేం కావాలో చెప్పు. ఏది చెప్పినా నేను అంతే శ్రద్ధగా చేస్తాను."

"అత్తయ్యగారు నోరు తెరిచి అడిగారు కదా ఆంటీ. ఒక్క రోజే కదా. వేసెయ్యండి."

"అది ఆవిడ మాట. నీది?"

పిల్ల అద్దం ఒళ్లో బోర్లా పెట్టుకుంది. "తెలీట్లేదు ఆంటీ," అంది. ఆ గొంతు విని నేను వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. అంత పెద్దదీ పదో తరగతి పిల్లలా మాట్లాడింది.

"తెలీకపోతే పెళ్లి రోజు వేసే ఉంచుదాం. ఉన్నదాన్ని తీసెయ్యడం నిమిషం పని," అని ఆవిడ మాట ముగించింది.

పెళ్లి బందరు రోడ్డు మీద ఒక హాల్లో. పగటి ముహూర్తం. కృష్ణ ఒడ్డున ఉన్నామన్న మాటేగాని మన వైశాఖం ఎండలు మీకు తెలియనివి కావు. చెల్లెమ్మ తెల్లవారకముందే వచ్చి, పిల్లకి పాలూ అరటిపండూ పెట్టించి పని మొదలుపెట్టింది. అది అయ్యాక తిన్నగా పురోహితుల వారి దగ్గరకి వెళ్లింది. ఆవిడ పద్ధతిలో ఇదొకటి ఉంది. జీలకర్రా బెల్లం నూరిన ముద్ద తను కంటితో చూస్తేగాని ఊరుకోదు. పెళ్లికొడుకు దాన్ని పిల్ల నడినెత్తిన పెట్టి నొక్కుతాడు కదా, ముద్ద పలచగా ఉంటే బెల్లం పాకంలా ముఖం మీదకి కారుతుంది.

"పంతులు గారూ, ఇంకాస్త గట్టిగా ఉండాలండీ," అంది.

"మంత్రాలు కూడా మీరే చదివేస్తారా అమ్మా?" అన్నారాయన.

"అది మీకే వదిలేశానండీ. మా పాస్టరు గారు కోప్పడతారు."

ముద్ద గట్టిగా చేయించి, తమలపాకులో పెట్టించి, వెండి గిన్నె కింద మూయించి వెళ్లింది. అంత జాగ్రత్త తీసుకుంది. కానీ మా అక్క ఉంది కదా. ఉయ్యూరు నుంచి వచ్చింది, మేనకోడలి పెళ్లిలో తన చెయ్యి లేకుండా ఏదీ జరక్కూడదని తిరుగుతోంది. ముహూర్తానికి కాస్త ముందు గిన్నె ఎత్తి చూసి, "ఇదేంటర్రా, రాయిలా ఎండిపోయింది, పిల్ల నెత్తిన పెడితే నిలుస్తుందా," అని రాగి చెంబులో నీళ్లు ఒంపి చేత్తో మెత్తగా కలిపేసింది. తర్వాత ఆ సంగతి మాకు గర్వంగా తనే చెప్పింది.

ముహూర్తం వేళ అయింది. అడ్డుతెర పట్టుకున్నారు. బాజాలు ఒక్కసారిగా అందుకున్నాయి. ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టారు. తెర దించారు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు, అక్షింతలు పడుతున్నాయి, నేను ఏడుస్తున్నాను. ఆ ఏడుపులోంచే చూశాను, మా అమ్మాయి పాపిట్లోంచి గోధుమ రంగు చార ఒకటి దిగుతోంది. నుదుటి మీదకి వచ్చింది, ఎడమ కనుబొమ మీంచి కంటి మూలకి వచ్చింది, బుగ్గ మీదకి జారింది. పిల్ల చెయ్యి పెళ్లికొడుకు తల మీద ఉంది, అది తియ్యకూడదు. రెండో చేతిలో కొబ్బరిబోండం ఉంది. తుడుచుకోవడానికి లేదు.

చెల్లెమ్మ అప్పటికే స్పాంజితో ఒక కాలు మెట్టు మీద పెట్టేసింది. ఆవిడ చేరే లోపలే మా అల్లుడు ఎడమ చేత్తో తన కండువా కొస తీసి, పిల్ల కంట్లో పడుతుందేమోనని, గట్టిగా తుడిచేశాడు. మగవాడి చెయ్యి. అద్దడం దానికేం తెలుసు. బెల్లంతో పాటు రంగు కూడా కండువాకి వచ్చేసింది. కంటి పక్క నుంచి బుగ్గ దాకా, ఇన్నేళ్లూ పిల్ల అందరి దగ్గరా పక్కకి తిప్పి దాచుకున్న మచ్చ, హాలు నిండా జనం ముందు, రెండు వీడియో లైట్ల కింద తెల్లగా బయటపడింది.

ముందు వరసల్లో వాళ్ల చుట్టాలు ఒకరి వైపు ఒకరు వంగడం కనిపిస్తోంది. చెల్లెమ్మ రెండో కాలు కూడా మెట్టు ఎక్కించి చెయ్యి చాచింది. నిమిషం చాలు ఆవిడకి, మళ్లీ ఏమీ లేనట్టు చేసెయ్యగలదు. ఆ చెయ్యి వైపే చూస్తున్నాను నేను.

మా అమ్మాయి ఆవిడ వంక చూసింది. చూసి, తల అడ్డంగా ఊపింది. గట్టిగా ఏం కాదు, నెత్తిన ఉన్న ముద్ద కదలకుండా, కొద్దిగా.

చెల్లెమ్మ చాచిన చెయ్యి అలాగే ఆగింది. మీలో పనిచేసే చేతులున్నవాళ్లకి తెలుస్తుంది ఇది. కళ్లెదుట పని చెడి ఉంది, బాగు చేసే సరుకు చేతిలో ఉంది, ఊరంతా చూస్తోంది, పేరు తనది. నేనైతే ఆగలేను. ఆవిడ ఆగింది. పిల్ల ముఖంలోకి ఇంకోసారి చూసి, నిజమేనా అన్నట్టు కనుబొమలు ఎత్తింది. పిల్ల కళ్లతోనే నవ్వింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, మెల్లగా మెట్టు దిగింది.

అబ్బాయి తల్లి లేచింది. నాకు మళ్లీ భయం పట్టుకుంది. ఆవిడ పీటల దగ్గరకి వచ్చి, కోడలి ముఖం చూసి, చుట్టూ చూసింది. "చూస్తారేంటర్రా, ముందు ఆ బెల్లం తుడవండి. చీమలు పట్టగలవు పిల్లకి," అని, చెంబులో కొంగు తడిపి, తనే నుదురూ కన్నూ బుగ్గా శుభ్రంగా తుడిచేసింది. మిగిలి ఉన్న కాస్త రంగూ ఆ కొంగుకే పోయింది.

ఫొటోగ్రాఫరు కుర్రాడు కెమెరా దించి చెల్లెమ్మ వైపు తిరిగాడు. "మేడమ్, టచప్ చేస్తారా? ఆగనా?"

"అక్కర్లేదు నాన్నా. తియ్యి," అంది.

పిల్ల ఎటూ తిప్పకుండా తిన్నగా కెమెరాలోకి చూసింది. నేను పొద్దున్నే చూసుకునే ఫొటోలన్నీ ఆ రోజు తర్వాతవే. ప్రకాశం బ్యారేజీ మీద ఒకటి, వాళ్ల క్వార్టర్స్ వంటింట్లో పూరీలు మాడుస్తూ ఒకటి, మొన్న మంగినపూడి బీచ్‌లో గాలికి జుట్టంతా ముఖాన పడుతుంటే ఒకటి. అన్నిట్లోనూ ముఖం నిండుగా ఉంటుంది. ఒక్కో ఫొటో చూసినప్పుడు ఒక్కోసారి పెళ్లి చేసినంత సంబరం నాకు.

చాలామంది నన్ను అడుగుతున్నారు, మచ్చ కనపడేదానికి మేకప్ ఎందుకయ్యా, ఆ ఖర్చంతా దండగే కదా అని. వాళ్లకి నేను సమాధానం సరిగ్గా చెప్పలేకపోతున్నాను. ఆ రోజు మా అమ్మాయి ఎంత బాగుందో చూసినవాళ్లకి తెలుసు. కళ్లు తీర్చిన తీరు, పెదవుల రంగు, కల్యాణ తిలకం, జడ, అన్నీ చెల్లెమ్మ చేతివే, ఒక్కటీ చెదరలేదు. ఆ మచ్చ కూడా వాటి మధ్య ఒకటిగా కూర్చుంది. వేరే ఎవరైనా అయితే మొదట్నుంచీ అంతా కప్పేసేవారు, లేకపోతే ధైర్యంగా ఉండమ్మా అని ఉపన్యాసం ఇచ్చేవారు. ఈవిడ రెండూ చెయ్యలేదు. పిల్ల తేల్చుకునేదాకా వేచి ఉంది. పిల్లకి తేలింది పీటల మీద, అందరి ముందు, బాజాల చప్పుడులో. అప్పుడు కూడా వేచి ఉంది.

తాళి కట్టడం అయింది. తలంబ్రాలు మొదలయ్యాయి. మెట్టు పక్కన చూస్తే చెల్లెమ్మ లేదు. ఎప్పుడూ అలా జరగలేదే, కోపం వచ్చిందేమో, పడ్డ శ్రమ అలా అయిందని మనసు కష్టపెట్టుకుందేమోనని వెతుక్కుంటూ భోజనాల హాల్లోకి వెళ్లాను. జనమంతా మండపం దగ్గరే ఉన్నారు. పొడుగాటి బల్లల వరసల్లో అరిటాకులు పరిచి ఉన్నాయి, కుర్చీలన్నీ ఖాళీ. చివరి వరసలో ఫ్యాను కింద ఆవిడ ఒక్కతే కూర్చుని భోంచేస్తోంది.

"ఏంటమ్మా, ఇక్కడున్నావు?" అన్నాను.

"అక్కడ నాకు పనేం లేదండీ అన్నయ్య గారూ," అంది. "ఆ రంగు నీళ్లకి పోయే రకం కాదు, చెమటకి పోదు. బెల్లానికీ మొగుడి చేతికీ మాత్రం కంపెనీవాడు గ్యారంటీ ఇవ్వలేదు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వడ్డించే కుర్రాడి చేతిలోంచి బకెట్ తీసుకుని, పప్పు నేనే వడ్డించాను. ఆవకాయ వేశాను. నెయ్యి వేశాను, చాలు చాలంటున్నా ఇంకాస్త వేశాను. మండపం వైపు నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి, తలంబ్రాల పోటీలో ఎవరు గెలిచారో ఏమో. చెల్లెమ్మ తల తిప్పి చూడలేదు. తీరిగ్గా కలుపుకుని తింటోంది. ఎడమ చెయ్యి ఆకు పక్కన ఉంది. పొద్దున మా అమ్మాయి కోసం ఆ చేతి వెనకే కలిపి చూసుకున్న రంగులు, లేతవీ ముదురువీ, ఆవిడ ఇంకా కడుక్కోలేదు. చర్మం మీద మచ్చలు మచ్చలుగా ఎండి ఉన్నాయి.